అక్క చేతులు బిగుసుకుపోతున్నాయి: సిస్టమిక్ స్క్లిరోసిస్‌లో ఈ గట్టిపడటం ఎందుకు వస్తుంది, ఆపే మందు ఉందా?

తుంగభద్ర తమ్ముడు, కర్నూలు

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నేను మొబైల్ షాపులో పని చేస్తాను, మెడికల్ సంగతులు నాకు పెద్దగా తెలియవు. మా అక్క గురించి అడగాలని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అక్కకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. జొన్నరొట్టె తట్టడంలో మా వీధిలో అక్కను మించినవాళ్ళు లేరు. పోయిన ఏడాది సంక్రాంతి ముందు, చలిపొద్దున డ్రమ్ములో నీళ్ళతో సంగటి గిన్నె తోముతుంటే కుడిచేతి రెండు వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. పది నిమిషాలకు నీలం తిరిగాయి, ఆ తర్వాత ఎర్రబడి ఒకటే మంట. చలికి అనుకున్నాం. ఉగాదికల్లా వేళ్ళు ఉబ్బి ఉంగరం రాలేదు, కంసాలి దగ్గర కోయించాం. వానాకాలానికి ఉబ్బు తగ్గింది కానీ చర్మం బిగుసుకుపోయింది. పట్టుకుని లాగితే మడత పడదు. ఇప్పుడు జొన్నపిండి మీద అరచెయ్యి పరవలేదు. ముద్ద పెద్దదైతే నోట్లో పట్టదు. మొన్న నాతో, "ఒరే, ఈ చేతులు నావి కానట్టుండాయి రా" అంది. ఆ మాట తల్చుకుంటే నిద్ర పట్టడం లేదు.

మొదట చూపించిన చోట కీళ్ళవాతం అన్నారు. ఆరు నెలలు స్టెరాయిడ్ మాత్రలు వాడించారు. మొహం ఉబ్బింది తప్ప చేతులు వదులు కాలేదు. తర్వాత ఒక చర్మం డాక్టరమ్మ అక్కను నమస్కారం పెట్టమన్నారు. రెండు అరచేతులూ కలవలేదు, మధ్యలో సందు. ఆమె గోరు మొదట్లో ఒక చుక్క నూనె వేసి, చిన్న భూతద్దంలాంటి దానితో చూశారు. నన్ను కూడా చూడమన్నారు. దారపు ఉచ్చుల్లా వరసగా ఉండాల్సిన సన్న రక్తనాళాలు అక్కడక్కడా బాగా లావెక్కి ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు లేవు. రక్తపరీక్షలో ఏఎన్ఏ, ఎస్‌సీఎల్-70 అనే రెండు యాంటీబాడీలు పాజిటివ్. జబ్బు పేరు సిస్టమిక్ స్క్లిరోసిస్ అనీ, లోపల ఫైబ్రోసిస్, అంటే ఈ గట్టిపడటం, జరుగుతోందనీ, ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టుకు చూపించమనీ రాశారు.

నాకు తెలియాల్సినవి ఇవి. ఈ ఫైబ్రోసిస్ అసలు ఎట్లా మొదలవుతుంది? గట్టిపడ్డదాన్ని కరిగించే మందు ఉందా? ఊపిరితిత్తులకు కూడా వస్తుందని చదివి టెన్షన్‌గా ఉంది, అక్కకు ఇప్పటికైతే ఆయాసం లేదు. మా మేనత్త ఒక నాటుమందు పొడి తెప్పిస్తానంటోంది, తెలిసినవాళ్ళకు దానితో ఏడాదిలో చర్మం మెత్తబడిందట. ఇవ్వొచ్చా?

---

పెన్నాతీరం, అనంతపురం

తమ్ముడూ, నేను అనంతపురంలో జువాలజీ లెక్చరర్‌ని. ఇదే జబ్బు, ఇదే ఎస్‌సీఎల్-70, 2016 నుంచి నాతో ఉంది. నేను డాక్టర్ని కాను. కానీ తొమ్మిదేళ్ళకు పైగా దీని గురించి దొరికిందల్లా చదివాను, ఒంటి మీద చూశాను. నువ్వు వేళ్ళు సుద్దముక్కల్లా అని రాశావు చూడు, నాకు క్లాసులోనే అట్లా అయింది. బోర్డు మీద కప్ప గుండె బొమ్మ వేస్తున్నాను, చేతిలో ఉన్న సుద్దముక్కకూ వేలికీ రంగులో తేడా లేదు. పిల్లలే ముందు గమనించారు.

ఎట్లా మొదలవుతుందో చెబుతాను. మన వైపు చెరువు కట్టకు గండి పడితే ఊరంతా కదిలి మట్టితట్టలు మోస్తారు కదా. గండి పూడగానే పెద్దమనిషి "ఇంక చాలు" అంటాడు, అందరూ ఇళ్ళకు పోతారు. ఒంట్లో గాయం మానడం అట్లాంటిదే. ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కూలీలు, అవి పోసే మట్టి కొలాజెన్ అనే పీచు పదార్థం. గాయమైనప్పుడు ఈ కణాలు బలం పెంచుకుని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. కొలాజెన్ కుప్పలుగా పోస్తాయి, కండరంలా బిగబట్టి గాయం అంచులను దగ్గరికి లాగుతాయి. కొడవలి తెగిన చోట మచ్చ చుట్టూ చర్మం లాగినట్టుండేది అందుకే. పని అయిపోగానే వాటిలో చాలావరకు చచ్చిపోతాయి. మన జబ్బులో "ఇంక చాలు" అనే మాట వాటికి వినపడదు. గండి పూడినా మట్టి పోస్తూనే ఉంటాయి, చివరికి నీళ్ళుండాల్సిన చెరువే మట్టితో నిండిపోతుంది.

మరి గండి ఎక్కడ పడింది? మీ అక్కకు గాయమేమీ కాలేదు కదా అనుకుంటావు. గండి పడింది సన్న రక్తనాళాల్లో. వాటి లోపలి పొర దెబ్బతింటుంది. దేనివల్ల అని ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపలేదు ఇంతవరకూ. పుట్టుకతో వచ్చే జన్యువుల మొగ్గు కొంత, బయటి కారణాలు కొంత. దెబ్బతిన్న నాళం గోడ మందమై లోపలి దారి సన్నబడుతుంది, కొన్ని నాళాలు పూర్తిగా మాయమవుతాయి. డాక్టరమ్మ గోరు దగ్గర నీకు చూపించింది అదే. చల్లటి నీళ్ళకు వేళ్ళు తెల్లబడడం, రేనాడ్స్ అంటారు దాన్ని, చాలామందిలో మొదట కనపడే గుర్తు. కొందరిలో చర్మం బిగుసుకోవడానికి ఏళ్ళ ముందే వస్తుంది.

రెండోది రోగనిరోధక వ్యవస్థ. మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలు మన కణాలనే పరాయివిగా చూడడం మొదలుపెడతాయి. ఎస్‌సీఎల్-70 అంటే మన కణాల్లోనే ఉండే టోపోఐసోమరేజ్ అనే ఎంజైముకు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీ. ఆ తెల్ల రక్తకణాలు ఐఎల్-6, ఐఎల్-4, ఐఎల్-13 లాంటి సందేశాలు పంపుతాయి. అన్నిటికంటే గట్టి పిలుపు టీజీఎఫ్ బీటాది. "రండి, మట్టి పొయ్యండి" అని దండోరా వేసేది అదే.

నన్ను ఎక్కువ కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. టీజీఎఫ్ బీటాలో చాలా భాగం నిద్రపోతున్న రూపంలో కణాల చుట్టూ ఉన్న అల్లికలోనే దాచిపెట్టి ఉంటుంది. మయోఫైబ్రోబ్లాస్ట్ ఆ అల్లికను పట్టుకుని లాగితే, అల్లిక గట్టిగా ఉన్నచోట అది విడుదలవుతుంది. మెత్తటి చోట లాగితే అల్లిక సాగిపోతుంది, విడుదల కాదు. అంటే గట్టిపడ్డ చర్మమే ఇంకా గట్టిపడమని పిలుపు పంపుతుంది. మొదట పిలిచిన కారణం తగ్గినా ఆ గట్టి నేల కూలీలను పనిలో ఉంచుతూనే ఉంటుంది. మందు తొందరగా మొదలుపెట్టమని పదేపదే చెప్పేది ఇందుకే.

కరిగించే మందు ఉందా అన్నావు. పేరుకుపోయి గట్టిపడ్డ కొలాజెన్‌ను నమ్మకంగా కరిగించే మందు ఇవాళ్టికి లేదు. ఉన్నవి పిలుపును తగ్గించేవి, కూలీలను నెమ్మదింపజేసేవి. ఇది విని నేను 2016లో రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత అర్థమైంది, పొయ్యని మట్టి గురించి ఏడవాల్సిన పని లేదని, ఆ మట్టిని ఇవాళే ఆపొచ్చని.

ఇక నాటుమందు. మీ మేనత్త ప్రేమతోనే చెబుతోంది, ఆమెను నొప్పించొద్దు. కానీ ఇది తెలుసుకో. ఒళ్ళంతా వేగంగా బిగుసుకునే రకంలో చర్మం మొదటి కొన్నేళ్ళు గట్టిపడి, ఒక దశ దాటాక చాలామందిలో దానంతటదే కొంత మెత్తబడుతుంది. ఆ సమయంలో ఏ పొడి తింటే ఆ పొడికే పేరు వస్తుంది. డాక్టర్లు కూడా ఇట్లాగే పొరబడ్డారు. డీ-పెనిసిలమిన్ అనే మందును ఏళ్ళ తరబడి దీనికి వాడారు, చర్మం మెత్తబడుతోందని నమ్మారు. 1999లో వచ్చిన ఒక పరీక్షలో కొందరికి ఎక్కువ మోతాదు, కొందరికి నామమాత్రపు మోతాదు ఇచ్చి చూశారు. రెండు గుంపుల చర్మంలోనూ తేడా లేదు. నా చర్మమే చూడు. ఒంటి మీద 17 చోట్ల గిల్లి చూసి, ఒక్కో చోటుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు, మొత్తం 51. నాకు మొదట్లో 28 వచ్చింది, ఇప్పుడు 9. కానీ ఆ 28 తగ్గుతూ వస్తున్న రోజుల్లోనే నా ఊపిరితిత్తులు చెడిపోతూ వచ్చాయి. చర్మం మెత్తబడిందని సంతోషపడి 2017 అంతా నేను ఊపిరి పరీక్షకు పోలేదు. ఆ తప్పు మీ అక్క చేయకూడదనే ఇంత రాస్తున్నాను.

గుండెలనిండా పీల్చి పూర్తిగా ఊదినప్పుడు బయటికి వచ్చే గాలిని ఎఫ్‌వీసీ అంటారు, మామూలుగా ఉండాల్సినదానిలో అది ఎంత శాతమో లెక్కేస్తారు. నాది మొదట 81 ఉండేది. 2018లో చూస్తే 68. అప్పుడు మైకోఫినోలేట్ మొదలుపెట్టారు, మూడేళ్ళు 66 దగ్గర నిలిచింది. 2021లో 61కి జారింది. నింటెడానిబ్ కలిపారు. ఇప్పుడు 60. పైకి రాలేదు, పోయింది పోయిందే. కానీ మెట్లెక్కి పాఠం చెప్పి వస్తున్నాను.

మందులతో పాటు ఇంట్లో చేసేవి కూడా ఉన్నాయి. గిన్నెలు తోమడం మాన్పించండి, తప్పకపోతే గోరువెచ్చటి నీళ్ళు. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టేముందు గ్లవ్స్. వేళ్ళు చాపడం, నోరు పెద్దగా తెరవడం రోజుకు రెండు పూటలా చేయాలి, నొప్పి పుట్టే దాకా కాదు, లాగినట్టు అనిపించే దాకా. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగితే బయటికి పంపించండి. రాత్రి తినగానే పడుకోకూడదు. అన్నవాహిక కూడా బిగుసుకుంటుంది కాబట్టి పుల్లటి నీళ్ళు పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

---

ఊపిరి డాక్టరు, కడప

నేను ఛాతీ డాక్టర్ని. పైన మేడమ్ చెప్పిన చెరువు కట్ట పోలిక ఇకమీదట మా పేషంట్లకు నేనూ వాడతాను. ఒక్క విషయం మాత్రం జోడించాలి, ఎందుకంటే ఆమె రాసింది చదివి ఎఫ్‌వీసీ ఒక్కటి బాగుంటే చాలని ఎవరైనా అనుకోవచ్చు. అది చాలదు. ఎఫ్‌వీసీ మామూలుగా ఉన్నవాళ్ళలో కూడా హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎస్‌సీఎల్-70 పాజిటివ్ ఉన్నవాళ్ళలో ఊపిరితిత్తులకు సోకే అవకాశం ఎక్కువ. కాబట్టి తమ్ముడూ, అక్కకు ఆయాసం లేదు కదా అని ఆగొద్దు. ఆయాసం వచ్చేసరికి చాలా పోయి ఉంటుంది. ఇప్పుడే ఒక హెచ్‌ఆర్‌సీటీ, ఎఫ్‌వీసీతో పాటు డీఎల్‌సీఓ, గుండెకు ఒక ఎకో స్కాన్ చేయించండి. డీఎల్‌సీఓ అంటే గాలిలోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందో చూసే పరీక్ష. ఎఫ్‌వీసీ బాగానే ఉండి డీఎల్‌సీఓ మాత్రం బాగా పడిపోతే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరుగుతోందేమో చూడాలి, అది వేరే గండం. వీపు మీద స్టెతస్కోపు పెట్టినప్పుడు స్కూలు బ్యాగు అంటుడు పట్టీ ఊడదీసినట్టు చరచరమనే శబ్దం వస్తే మాకు స్కాన్ చూడకముందే సగం తెలిసిపోతుంది.

స్టెరాయిడ్ సంగతి అన్నిటికంటే ముందు చూసుకోండి. ఈ జబ్బులో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్, ముఖ్యంగా రోజుకు ప్రెడ్నిసొలోన్ 15 మిల్లీగ్రాములు దాటితే, కిడ్నీ సంక్షోభం వచ్చే ముప్పు పెరుగుతుంది. బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది, తలనొప్పి, చూపు మసక, రోజుల్లోనే కిడ్నీలు మూతపడొచ్చు. ఏసీఈ ఇన్హిబిటర్లనే బీపీ మందులు రాకముందు ఇది వచ్చినవాళ్ళు దాదాపు బతికేవాళ్ళు కాదు. ఇప్పుడు వెంటనే గుర్తిస్తే కాపాడుకోవచ్చు. కానీ ఆరు నెలలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను మీరే టక్కున ఆపేయకండి, అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇంటికి ఒక బీపీ మిషన్ కొనండి. అక్క మామూలు బీపీ ఎంతో రాసి పెట్టుకోండి. దానికన్నా పై అంకె 30 పెరిగితే తెల్లారేదాకా కూర్చోవద్దు.

ఊపిరితిత్తులకు సోకిందని తేలితే మొదట ఆలోచించేది ఎక్కువగా మైకోఫినోలేటే. ఇది తెల్ల రక్తకణాలు పెరగకుండా చూస్తుంది, అంటే పిలిచే గొంతులను తగ్గిస్తుంది. అంతకుముందు సైక్లోఫాస్ఫమైడ్ వాడేవాళ్ళం. 2016లో అమెరికాలో 142 మందితో ఈ రెంటినీ పోల్చి చూశారు. రెండేళ్ళకు రెండు గుంపుల్లోనూ ఎఫ్‌వీసీ రెండు మూడు శాతం మెరుగైంది, మైకోఫినోలేట్‌ను పేషంట్లు బాగా తట్టుకున్నారు. అప్పటి నుంచి మొగ్గు దీనివైపే.

నింటెడానిబ్ పద్ధతి వేరు. అది ఫైబ్రోబ్లాస్టుల మీద ఉండే గ్రాహకాలకు అడ్డుపడుతుంది. మేడమ్ మాటల్లో చెప్పాలంటే దండోరా మోగుతున్నా కూలీల చెవులు మూస్తుంది. 2019లో 576 మందితో చేసిన సెన్సిస్ అనే పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ ఊపిరితిత్తులు ఏడాదిలో సగటున 93 మిల్లీలీటర్లు కోల్పోతే, ఈ మందు వాడినవాళ్ళవి 52 కోల్పోయాయి. గమనించండి, నష్టం ఆగలేదు, తగ్గింది. చర్మం మీద దీని ప్రభావం కనపడలేదు. ప్రతి నలుగురిలో ముగ్గురికి విరేచనాలు అయ్యాయి, అది ముందే చెప్పకపోతే పేషంట్లు పదిరోజుల్లో మానేస్తారు. మన దేశంలో జెనరిక్ మందు దొరుకుతుంది.

టోసిలిజుమాబ్ ఐఎల్-6 పిలుపును అడ్డుకునే ఇంజెక్షన్. అమెరికాలో 2021లో ఈ జబ్బులోని ఊపిరితిత్తుల సమస్యకు అనుమతి ఇచ్చారు. వాపు ఎక్కువగా ఉన్న తొలిదశలో మేలు కనిపించింది. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ కూడా వాడుతున్నాం. జపాన్‌లో చేసిన పరీక్షలో చర్మం మీద బాగా పనిచేసింది. మూలకణాల మార్పిడి అనేది ఇంకా పెద్ద అడుగు. వేగంగా ముదిరే కొద్దిమందికి చాలాకాలం మేలు చేసింది. కానీ ఐరోపాలో చేసిన పరీక్షలో మొదటి ఏడాదే పదిమందిలో ఒకరు ఆ చికిత్స వల్లే పోయారు. అందుకే ఎవరికి చేయాలన్నది చాలా జాగ్రత్తగా ఎంచుతారు.

వీటిలో ఏది మొదలుపెట్టినా ముందు టీబీ లేదని చూడాలి, మన దగ్గర ఇది తప్పనిసరి. రక్తకణాల లెక్క నెలనెలా చూసుకోవాలి. అక్క వయసు 34 అన్నారు. మైకోఫినోలేట్, నింటెడానిబ్ రెండూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, కాబట్టి గర్భం రాకుండా జాగ్రత్త పడాలని ఆమెతో విడిగా, సిగ్గుపడకుండా మాట్లాడండి. రుమటాలజీ విభాగం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, వెల్లూరు సీఎంసీలో ఉంది. కర్నూలు నుంచి హైదరాబాద్ దగ్గర. స్కీములో ఏది వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి, స్కాన్‌కు ముందే అడగండి.

---

నల్లబండ, తాడిపత్రి

ఇది చదివి నేను కూడా ఒకటి చెప్పాలనుకున్నా. మా అన్న తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌లో 19 ఏళ్ళు పనిచేశాడు. పొడి కటింగ్. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా దుమ్ము. మాస్కు ఇచ్చిందీ లేదు, నీళ్ళు కొట్టిందీ లేదు. 42 ఏళ్ళకు దగ్గు, వేళ్ళు తెల్లబడటం, చర్మం బిగుసుకోవడం అన్నీ ఒకటిన్నర ఏడాదిలో వచ్చాయి. ఎక్స్‌రే చూసి సిలికోసిస్, అంటే రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అన్నారు, చేతుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక డాక్టరు "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగాడు. అంతకుముందు నలుగురు చూశారు, ఒక్కరూ ఆ మాట అడగలేదు.

ఆ డాక్టరే చెప్పాడు, రాళ్ళ దుమ్ములో ఉండే సిలికాకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందనేది కొత్త సంగతి కాదట. 1914లోనే బ్రామ్‌వెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు తను చూసిన ఇలాంటి రోగుల్లో రాళ్ళు చెక్కేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారని రాశాడు. 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కూలీల్లో ఎరాస్మస్ అనే ఆయన ఇదే చూశాడు. అందుకే రెండూ కలిసి వస్తే ఎరాస్మస్ సిండ్రోమ్ అంటారు. ఊపిరితిత్తుల్లోకి పోయిన సిలికా పొడిని తెల్లకణాలు మింగుతాయి, అరిగించుకోలేవు, అవి చచ్చి లోపలి సరుకు బయట పడేస్తాయి, దాంతో వాపు ఆగదు. లెక్చరర్ అక్క చెప్పిన గండి అదేనేమో.

తమ్ముడూ, మీ అక్కకు రాళ్ళ పని లేకపోవచ్చు. కానీ బేతంచెర్ల, తాడిపత్రి, కడప బండల పనిచేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, చలికి వేళ్ళు తెల్లబడితే డాక్టరు అడక్కపోయినా మీ పని ఏమిటో మీరే చెప్పండి. నీళ్ళు పోసి కొయ్యమని అడగండి. మా అన్న ఇప్పుడు ఆక్సిజన్ మిషన్ పక్కన ఉన్నాడు. పని మానేసిన రోజే ఆయనకు మొదటి మందు పడి ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తుంది.

---

తుంగభద్ర తమ్ముడు, కర్నూలు

ఐదు వారాలైంది, అందుకే మళ్ళీ రాస్తున్నాను. మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. డాక్టరు గారు చెప్పిన పరీక్షలన్నీ హైదరాబాద్‌లో చేయించాం. ఎఫ్‌వీసీ 84, డీఎల్‌సీఓ 62. స్కాన్‌లో రెండువైపులా అడుగున పొగమంచు పట్టినట్టు ఉందన్నారు. ఆయాసం లేకుండానే! మేము ఆగి ఉంటే ఏమయ్యేదో. ఎకో బాగుంది. టీబీ లేదు. మైకోఫినోలేట్ 500 రోజుకు రెండుసార్లు మొదలుపెట్టారు, రక్తపరీక్ష చూసుకుంటూ పెంచుతామన్నారు. వేళ్ళలో రక్తనాళాలు తెరుచుకోవడానికి నిఫెడిపిన్ ఇచ్చారు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తున్నారు. బీపీ మిషన్ కొన్నాను, పొద్దునా సాయంత్రం నేనే చూస్తున్నా. మామూలుగా 110 పైన 70 ఉంటోంది.

మేనత్తకు డీ-పెనిసిలమిన్ కథ చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ పొడి తిన్న పిల్ల ఊపిరితిత్తులు ఎవరూ చూడలేదా?" అని అడిగింది. ఎవరూ చూడలేదు. రేపు వాళ్ళింటికి పోయి చెప్పి వస్తానంది.

అక్క రెండు ప్రశ్నలు అడగమంది. పిల్లలకు వస్తుందా? మళ్ళీ జొన్నరొట్టె తట్టగలనా?

---

పెన్నాతీరం, అనంతపురం

84 దగ్గర పట్టుకున్నారు! తమ్ముడూ, ఇది చదివి స్టాఫ్ రూములో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నాకు పట్టుబడింది 68 దగ్గర.

పిల్లల సంగతి. తల్లి నుంచి బిడ్డకు నేరుగా వచ్చే జబ్బు కాదిది. కుటుంబంలో ఉంటే అవకాశం మిగతావాళ్ళకన్నా కొంచెం ఎక్కువ, అయినా అది చాలా చిన్న అవకాశమే. అంటువ్యాధి అసలే కాదు, అక్క చేత్తో పిల్లలకు అన్నం కలిపి పెట్టొచ్చు. కొందరు ఇళ్ళల్లో పళ్ళెం వేరు చేస్తారు, నాకు తెలుసు, అట్లా జరగనివ్వకు.

రొట్టె గురించి అక్కకు అబద్ధం చెప్పలేను. మునుపటిలా గాలిలో తిప్పి తట్టడం రాకపోవచ్చు. నేను రెండేళ్ళ తర్వాత మళ్ళీ చేయడం మొదలుపెట్టాను, వేరే పద్ధతిలో. పీట మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరుస్తాను, పిండి వేడినీళ్ళతో కలుపుతాను, ఆ వేడికి వేళ్ళు కొంచెం వదులవుతాయి. వేళ్ళతో కాదు, అరచెయ్యి మడమతో నొక్కుతూ తిప్పుతాను. అంచులు చీలుతాయి. గుండ్రంగా రాదు. మా ఆయన మొదటిది తిని ఏమీ అనలేదు, రెండోది అడిగాడు.

ఇంకొకటి చెయ్యి. నా పిల్లలు వాడే గ్రాఫ్ కాగితాల పుస్తకం ఒకటి కొను. నెలకొకసారి అక్క చెయ్యి దాని మీద ఆనించి, వేళ్ళు ఎంతవరకు చాపగలిగితే అంతవరకు చాపమని, చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యి. తేదీ వెయ్యి. పక్కనే ఆ నెల ఎఫ్‌వీసీ ఉంటే ఎఫ్‌వీసీ, లేకపోతే బీపీ రాయి. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి. నా దగ్గర అట్లాంటి కాగితాలు తొంభై పైనే ఉన్నాయి. మొదటి రెండేళ్ళవి చూస్తే చిటికెనవేలు నెలనెలా లోపలికి ఒరుగుతూ పోతుంది, 2018 తర్వాత గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. నిఫెడిపిన్ వేసుకున్నాక కళ్ళు తిరిగితే ఆగకుండా ఫోన్ చేయండి. మొదటి కాగితం ఈ ఆదివారమే గియ్యి.